యాగర్ అన్ని టీములు ఎందుకు మారాడు? ఒక ఐస్ హాకీ వింగర్ కెరీర్ వెనకున్న లెక్కలు

ఉత్తర అమెరికా నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, వేన్ గ్రెట్స్‌కీ తర్వాత ఎక్కువ పాయింట్లు చేసినవాడు యారోమీర్ యాగర్. చెక్ దేశస్థుడు, కుడి వింగర్. 1733 మ్యాచ్‌లు, 766 గోల్స్, 1155 అసిస్టులు, మొత్తం 1921 పాయింట్లు. ఇంత పెద్ద ఆటగాడి కెరీర్ మాత్రం కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగినట్టుంటుంది. పిట్స్‌బర్గ్, వాషింగ్టన్, న్యూయార్క్ రేంజర్స్, మధ్యలో మూడేళ్ళు సైబీరియాలోని ఓమ్స్క్, తిరిగొచ్చి ఫిలడెల్ఫియా, డల్లాస్, బోస్టన్, న్యూజెర్సీ, ఫ్లోరిడా, కాల్గరీ, చివరికి సొంతూరు క్లాడ్నో. మనవాళ్ళు అమెరికాలో ఎక్కడెక్కడ ఇళ్ళు కొనుక్కున్నారో ఆ ఊళ్ళలో సగం ఈయన జెర్సీ మీద కనిపిస్తాయి.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది: డబ్బు మనిషి, ఎక్కడా కుదురుగా ఉండడు. అందులో నిజం బొత్తిగా లేదని నేననను, ఓమ్స్క్ డబ్బు తక్కువేం కాదు. కానీ ఒక్కో మార్పునీ విప్పి చూస్తే దాని వెనక ఆ ఏడాది లీగ్‌లో నడుస్తున్న ఏదో ఒక రూలో, ఏదో ఒక ఓనర్ అప్పో బయటపడుతుంది. ఎంత గొప్ప ఆటగాడైనా ఎక్కడ ఆడాలన్నది చాలాసార్లు అతని చేతిలో ఉండదు. అతని చేతిలో ఉన్నది ఐసు మీద ఏం చేస్తాడన్నదే. కాబట్టి ముందు అది చూద్దాం, లేకపోతే తర్వాతి లెక్కలు అర్థం కావు.

ఎన్‌హెచ్‌ఎల్ మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, చుట్టూ గోడలాంటి బోర్డులు, వాటి పైన అద్దాలు. పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, బయటికి పోవడం అరుదు, బోర్డుకి తగిలి మళ్ళీ లోపలికే వస్తుంది, ఆట ఆగదు. ఒక్కో పక్క గోలీ కాక ఐదుగురు: ఇద్దరు డిఫెన్స్, ఒక సెంటర్, అటో వింగర్ ఇటో వింగర్. ఒక్కో ఆటగాడు ఐసు మీద ఉండేది ఒక్కసారికి 45 సెకన్లు, మహా అయితే నిమిషం. దాన్ని షిఫ్ట్ అంటారు. ఒళ్ళంతా ఊడిపోయేలా పరిగెత్తి బెంచీ మీద కూలబడతాడు, ఆట నడుస్తూండగానే ఇంకొకడు దూకుతాడు. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్‌లు ఉంటారు, ముగ్గురు ముగ్గురు చొప్పున నాలుగు లైన్లు. మొదటి లైన్ వింగర్‌కి అరవై నిమిషాల్లో ఇరవై దొరుకుతాయి, నాలుగో లైన్ వాడికి ఏడెనిమిది దొరికితే గొప్ప. వింగర్ భవిష్యత్తంతా ఈ నిమిషాల మీదే నడుస్తుంది. నిమిషాలు తగ్గితే పాయింట్లు తగ్గుతాయి, పాయింట్లు తగ్గితే వచ్చే ఏడాది జీతం తగ్గుతుంది, జీతం తగ్గినవాణ్ణి పక్కన కూర్చోబెట్టడానికి కోచ్ రెండోసారి ఆలోచించడు.

పాయింట్ అంటే కూడా చెప్పాలి. గోల్ కొడితే ఒకటి, ఆ గోల్‌కి ముందు పక్ అందించిన ఇద్దరిదాకా ఒక్కోటి. గోల్స్, అసిస్టులు కలిపి ఎవరికి ఎక్కువుంటే ఆ సీజన్‌లో ఆర్ట్ రాస్ ట్రోఫీ వాళ్ళకి.

మామూలుగా సెంటర్లే ఆటని నడుపుతారు, మైదానం మధ్యలో ఉంటారు కాబట్టి అటూ ఇటూ పాస్‌లు ఇవ్వగలరు. వింగర్ పని కొంచెం మోటు పని. బోర్డుల పక్కన పక్ కోసం కుమ్ములాడాలి, వీపు మీద వంద కిలోల మనిషి వచ్చి గుద్దుతున్నా కర్ర వదలకూడదు. తన గోల్ వైపు ఆట ఉన్నప్పుడు అవతలి టీమ్ డిఫెన్స్‌మన్ దూరం నుంచి షాట్ కొట్టకుండా కాపు కాయాలి, ఒక్కోసారి ఆ షాట్‌కి తన కాలు అడ్డం పెట్టాలి. టీవీలో ఇవేవీ కనపడవు, గోల్ ఒక్కటే కనపడుతుంది.

యాగర్ ఎడమచేతి వాటం షాట్ కొట్టేవాడు, ఆడింది కుడి వింగ్‌లో. వాటానికి ఎదురు పక్క ఆడటమన్నమాట. ఇలా ఆడితే ఒక లాభం, ఒక కష్టం. కుడి వైపు నుంచి దూసుకొస్తూంటే కర్ర చివర మైదానం మధ్యకి ఉంటుంది, గోల్ ఎక్కువ భాగం కంటి ముందు తెరుచుకుంటుంది. కష్టమేమిటంటే, తన గోల్ వైపు నుంచి వచ్చే పాస్‌ని బోర్డు పక్కన తిరగేసిన కర్రతో ఆపాలి, అప్పుడే గుద్దులు పడతాయి. అలెగ్జాండర్ ఒవెచ్కిన్‌దీ ఇదే పద్ధతి, కాకపోతే అద్దంలో చూసినట్టు: కుడి వాటం, ఎడమ వింగ్. ఒవెచ్కిన్ ఆ స్థానం నుంచి కొట్టాడు, కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. యాగర్ అలా కాదు, పక్ తన దగ్గర ఉంచేసుకునేవాడు. డిఫెండర్‌కి వీపు తిప్పి, తుంటి అతని మీదకి ఆనించి, పక్‌ని చేతికందే దూరంలో ఒంటి చేత్తో పట్టుకుని అలా వంగి నిలబడితే ఆ మనిషిని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. చిన్నప్పుడు రోజుకి వెయ్యి గుంజీళ్ళు తీసేవాణ్ణని తనే చెప్పుకున్నాడు. మన బళ్ళో అది శిక్ష, ఆయనకి అదే పెట్టుబడి. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, వంద కిలోలు దాటిన ఒళ్ళు, దాని బలమంతా నడుము కిందే.

ఆ ఆట ఎలా ఉండేదో చూడాలంటే 1992 స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు, ఫైనల్ మొదటి మ్యాచ్ చాలు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కి ఎదురుగా షికాగో బ్లాక్‌హాక్స్, ఒక దశలో పిట్స్‌బర్గ్ 1-4తో వెనకబడింది. 3-4 అయ్యాక, ఇంక ఐదు నిమిషాలు కూడా లేవనగా బోర్డుల దగ్గర యాగర్‌కి పక్ దొరికింది. అప్పటికి వాడికి 20 ఏళ్ళు, హెల్మెట్ కింద నుంచి జుట్టు భుజాల దాకా. పాస్ ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకడు వచ్చాడు, వాణ్ణీ తప్పించాడు, గుంపులోంచే మధ్యకి కోసుకుంటూ వచ్చి బ్యాక్‌హ్యాండ్‌తో గోలీ ఎడ్ బెల్ఫోర్‌ని దాటించేశాడు. 4-4. ఆట ముగియడానికి 13 సెకన్ల ముందు టీమ్ కెప్టెన్ మారియో లెమ్యూ కొట్టిన గోల్‌తో పిట్స్‌బర్గ్ గెలిచింది, తర్వాతి మూడూ గెలిచి కప్పు తీసుకుపోయింది.

అసలు ఈ కుర్రాడు అక్కడికి రావడమే ఒక లెక్క ప్రకారం జరిగింది. క్లాడ్నో ప్రాగ్‌కి దగ్గర్లోని ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. యాగర్ 1972 ఫిబ్రవరి 15న పుట్టాడు. కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్ళ కుటుంబం పొలాలు లాక్కుంది, తాతని జైల్లో పెట్టింది. ఆ తాత చనిపోయింది 1968లో, సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి దిగిందీ ఆ ఏడే. యాగర్ జెర్సీ మీద జీవితాంతం కనిపించే 68 అదే. స్కూల్ పుస్తకంలో రొనాల్డ్ రేగన్ ఫొటో దాచుకు తిరిగిన పిల్లాడు, మీరే ఊహించుకోండి ఆ ఇంట్లో రాజకీయాలు ఎలా ఉండేవో.

అప్పటిదాకా చెకోస్లోవేకియా కుర్రాళ్ళు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాలంటే దేశం విడిచి పారిపోవడమే దారి. 1980లో పీటర్ స్టాస్ట్నీ, తమ్ముడు ఆంటన్ అలాగే క్యూబెక్‌కి పారిపోయారు. 1989 జనవరిలో పదిహేడేళ్ళ పీటర్ నెడ్వెడ్ టోర్నమెంట్‌కని కాల్గరీ వెళ్ళి వెనక్కి రాలేదు. ఆ నవంబర్‌లోనే ప్రాగ్‌లో ప్రభుత్వం కూలిపోయింది. 1990 జూన్‌లో డ్రాఫ్ట్ జరిగేసరికి యాగర్ పాస్‌పోర్టు పట్టుకుని దర్జాగా వచ్చి కూర్చున్నాడు, పారిపోకుండా డ్రాఫ్ట్‌కి వచ్చిన మొదటి చెకోస్లోవేకియా ఆటగాడు. డ్రాఫ్ట్ అంటే టీములు వరసగా 18 ఏళ్ళ కుర్రాళ్ళని ఎంచుకోవడం, కుర్రాడికి అందులో మాట ఉండదు. కొంచెం అటూ ఇటూగా, కిందటి ఏడాది ఎవరు చిత్తుగా ఓడిపోయారో వాళ్ళకి ముందు అవకాశం. యాగర్‌ని ఐదో స్థానంలో పిట్స్‌బర్గ్ ఎంచుకుంది.

పిట్స్‌బర్గ్ అంటే మనకి కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది, అక్కడివాళ్ళకి ఉక్కు, ఫుట్‌బాల్, తర్వాత హాకీ. ఒక ఉక్కు ఊరి నుంచి ఇంకో ఉక్కు ఊరికి వచ్చినా కుర్రాడికి ఇంగ్లిష్ రాదు, ఇంటి మీద బెంగ, మొదటి నెలల్లో ఆట కూడా అంతంతమాత్రం. డిసెంబర్‌లో టీమ్ కాల్గరీ నుంచి యిరీ హర్డినా అనే చెక్ సీనియర్‌ని బేరం చేసి తెచ్చుకుంది. హర్డినా మంచి ఆటగాడే, కానీ తెచ్చింది ముఖ్యంగా ఈ కుర్రాడికి మాట్లాడే తోడు కోసమని అందరికీ తెలుసు. ఆ ఏడాదే కప్పు. మరుసటి ఏడాది ఇంకోటి. తోడు కోసం ఒక మనిషిని కొనడం మనకి వింతగా ఉంటుంది గానీ ఆ బేరం ఎంత చవకో తర్వాతి పదేళ్ళు చూపించాయి.

1995-96లో యాగర్ 62 గోల్స్, 87 అసిస్టులు, మొత్తం 149 పాయింట్లు చేశాడు. ఒక సీజన్‌లో ఏ వింగర్‌కైనా ఇదే రికార్డు, 2023-24లో నికితా కుచెరోవ్ 144 దాకా వచ్చి ఆగిపోయాడు. ఆర్ట్ రాస్ ట్రోఫీ మొత్తం ఐదుసార్లు, అందులో నాలుగు 1998 నుంచి 2001 దాకా వరసగా. ఆ కాలం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ అంకెల విలువ తెలియదు. తొంభైల చివర్లో టీములు పట్టుకోవడం, లాగడం, దారికి అడ్డం పడటం మీదే బతికాయి, రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు, గోల్స్ పడిపోయాయి. 1997-98లో వంద పాయింట్లు దాటింది లీగ్ మొత్తంలో యాగర్ ఒక్కడే, 102. 1999-2000లో దెబ్బలు తగిలి 63 మ్యాచ్‌లే ఆడినా 96 పాయింట్లతో ట్రోఫీ అతనిదే. అందరూ లాగుతున్న కాలంలో లాగినా కదలని ఒళ్ళు ఉండటం ఎంత లాభమో చూడండి. మధ్యలో 1998 నాగానో ఒలింపిక్స్‌లో, ఎన్‌హెచ్‌ఎల్ మొదటిసారి సీజన్ ఆపి తన ఆటగాళ్ళని పంపినప్పుడు, చెక్ జట్టు బంగారు పతకం కొట్టేసింది. ఆ పతకం మాత్రం చాలావరకు గోలీ డొమినిక్ హాషెక్ చలవ, యాగర్ అభిమానులు ఏమన్నా సరే.

ఇంత చేసినవాణ్ణి 2001 జూలైలో పిట్స్‌బర్గ్ అమ్మేసింది. ఎందుకు? టీమ్ దగ్గర డబ్బు లేక. 1998లో పెంగ్విన్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ టీమ్ బాకీ పడ్డవాళ్ళ జాబితాలో పెద్ద పేరు ఎవరిదనుకున్నారు? మారియో లెమ్యూది. ఆడిన రోజుల జీతం "తర్వాత ఇస్తాం" అంటూ వాయిదా వేసుకుంటూ వచ్చారు, అది కోట్ల డాలర్లయింది. రిటైరైన లెమ్యూ ఆ బాకీని వాటాగా మార్చుకుని 1999లో తనే ఓనర్ అయ్యాడు, 2000 డిసెంబర్‌లో మళ్ళీ స్కేట్లు కట్టుకుని ఆటలోకీ దిగాడు. అలా యాగర్ పక్కన ఆడేవాడే యాగర్‌కి జీతమిచ్చేవాడు కూడా అయ్యాడు. అప్పట్లో జీతాలకి పైకప్పు లేదు. న్యూయార్క్, డెట్రాయిట్ లాంటి డబ్బున్న టీములు ఎంతైనా పెట్టేవి, చిన్న ఊళ్ళు వాటితో తూగలేకపోయేవి. ఆ కాలంలో 31 ఏళ్ళు నిండేదాకా ఆటగాడికి పూర్తి స్వేచ్ఛ ఉండేది కాదు, 29 ఏళ్ళ యాగర్‌ని ఇంకా బేరం పెట్టొచ్చు. ఆ సీజన్‌లో అతనూ సంతోషంగా లేడు. వాషింగ్టన్ ముగ్గురు కుర్రాళ్ళని, 49 లక్షల డాలర్ల నగదుని ఇచ్చి తీసుకుంది. ఆ ముగ్గురిలో ఒక్కడూ పేరు తెచ్చుకోలేదు. టీమ్‌కి కావాల్సింది ఆటగాళ్ళు కాదు, జీతాల పట్టీలోంచి ఒక పెద్ద అంకె పోవడం. ఆ పని జరిగింది.

వాషింగ్టన్ ఓనర్ ఏడేళ్ళకి 7 కోట్ల 70 లక్షల డాలర్లు రాసిచ్చాడు, ఏడాదికి కోటీ పది లక్షలు, అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్‌లో అదే పెద్ద ఒప్పందం. అది కుదరలేదు. 2001-02లో 79 పాయింట్లు, మరుసటి ఏడాది 77. ఇంకొకరికైతే పండగ, యాగర్‌కి పడిపోవడం. వింగర్ ఎంత గొప్పవాడైనా పక్ తెచ్చి ఇచ్చే సెంటర్ దొరకాలి, కోచ్ పద్ధతి నప్పాలి. అక్కడ రెండూ నడవలేదు, తను కూడా మనసు పెట్టి ఆడలేదన్న విమర్శ గట్టిగానే వచ్చింది. అది అబద్ధమని నేను చెప్పలేను. 2004 జనవరిలో ఆన్సన్ కార్టర్ అనే మామూలు వింగర్‌కి బదులుగా రేంజర్స్‌కి ఇచ్చేశారు, పైగా యాగర్ జీతంలో వాటా ఏటా తామే కడతామని ఒప్పుకున్నారు. ఎదురు డబ్బిచ్చి మరీ వదిలించుకోవడం. ఆ తర్వాత బోండ్రా, లాంగ్, గోంచార్, వరసపెట్టి అందరినీ అమ్మి టీమ్ అట్టడుక్కి పోయింది. అట్టడుక్కి పోతే డ్రాఫ్ట్ లాటరీలో అవకాశం, ఆ లాటరీ తగిలింది, మొదటి స్థానంలో వాళ్ళకి దొరికింది అలెగ్జాండర్ ఒవెచ్కిన్. 2022 మార్చిలో యాగర్ 766 గోల్స్‌ని, 2025 ఏప్రిల్‌లో గ్రెట్స్‌కీ 894నీ దాటినవాడు. యాగర్ విఫలమైన బేరంలోంచే యాగర్‌ని దాటే వింగర్ పుట్టుకొచ్చాడు.

2004-05లో సీజన్ మొత్తం రద్దయింది. ఓనర్లు తలుపులు మూసేశారు, దాన్ని లాకౌట్ అంటారు. గొడవంతా జీతాల పైకప్పు గురించే. ఐపీఎల్ చూసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, వేలంలో ప్రతి టీమ్‌కీ ఇంతే పర్సు అని ఉంటుంది కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ళ యూనియన్ గట్టిది, ఏడాది ఆట పోయాకే ఒప్పుకుంది. 2005లో పైకప్పు 3 కోట్ల 90 లక్షల డాలర్లు, ఏ ఒక్కరి జీతమూ అందులో ఐదో వంతు దాటకూడదు, ఉన్న ఒప్పందాలన్నిటికీ 24 శాతం కోత. యాగర్ కోటీ పది లక్షలు రాత్రికి రాత్రి 83 లక్షల 60 వేలయింది. అది ఐదో వంతు కన్నా ఎక్కువే, పాత ఒప్పందం కాబట్టి చెల్లింది. వాషింగ్టన్ వాటా పోగా రేంజర్స్‌కి అతను చవగ్గా దొరికినట్టే.

అదే ఏడాది రిఫరీలకి గట్టిగా చెప్పారు: పట్టుకుంటే, లాగితే, ఈల ఊదండి. దాంతో 34 ఏళ్ళకి యాగర్ మళ్ళీ కుర్రాడైపోయాడు. 2005-06లో 54 గోల్స్, 123 పాయింట్లు, రెండూ రేంజర్స్ రికార్డులు. జో థోర్న్‌టన్ 125తో ఆర్ట్ రాస్ తన్నుకుపోయాడు, లేకపోతే అది ఆరోది. లాకౌట్ ఏడాది కూడా ఖాళీగా లేడు, క్లాడ్నోలో, ఓమ్స్క్‌లో ఆడి, 2005లో వియన్నాలో వేలు విరిగినా ఆడి చెక్‌కి ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. ఒలింపిక్స్ బంగారం, ప్రపంచ బంగారం, స్టాన్లీ కప్పు మూడూ ఉన్న కొద్దిమందిలో చేరాడు.

2008లో ఓమ్స్క్ ఎందుకు? రష్యాలో కేహెచ్‌ఎల్ అనే కొత్త లీగ్ ఆ ఏడే మొదలైంది, పేరున్న మనిషి కావాలి, డబ్బుంది. అప్పట్లో అక్కడ ఆదాయపు పన్ను అందరికీ ఒకటే, 13 శాతం. అమెరికాలో సగం దాకా పన్నుకి పోయే మనిషికి ఇది చిన్న మాట కాదు. 36 ఏళ్ళవాడికి ఎన్‌హెచ్‌ఎల్‌లో పైకప్పు కింద పెద్ద జీతం రావడం కష్టమే. ఇదొక్కటీ మాత్రం పూర్తిగా అతని నిర్ణయమే. అక్కడ అతని లైన్‌లో ఆడిన అలెక్సీ చెరెపనోవ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు 2008 అక్టోబర్ 13న మ్యాచ్ చివర్లో బెంచీ మీద యాగర్ పక్కనే కుప్పకూలి చనిపోయాడు. గుండె జబ్బు, ఎవరూ పట్టించుకోలేదు. స్టేడియం అంబులెన్స్ అప్పటికే వెళ్ళిపోయింది. కొత్త లీగ్ దగ్గర డబ్బుంది, ఏర్పాట్లు లేవు.

2011లో తిరిగొచ్చాడు. పిట్స్‌బర్గ్ ఊరంతా మళ్ళీ మనవాడే అనుకుంది, టీమ్ ఆఫర్ కూడా ఇచ్చి, జవాబు ఆలస్యమయ్యేసరికి వెనక్కి తీసుకుంది. అతను వెళ్ళి బద్ధ శత్రువు ఫిలడెల్ఫియాతో ఏడాదికి 33 లక్షలకి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆరేళ్ళూ ఎక్కడికక్కడ ఏడాది ఒప్పందాలే. దీన్ని చూసి కూడా "నిలకడ లేని మనిషి" అన్నారు, అసలు సంగతి వేరు. 35 దాటాక సంతకం పెట్టిన ఒకటి కన్నా ఎక్కువ ఏళ్ళ ఒప్పందం ఉంటే, ఆటగాడు మధ్యలో రిటైరైనా ఆ జీతం టీమ్ పైకప్పు లెక్కలో అలాగే ఉండిపోతుంది. డబ్బు ఇవ్వక్కర్లేకపోయినా ఆ చోటు మాత్రం పోతుంది. ఏ మేనేజరూ ఆ రిస్క్ తీసుకోడు. ఏడాది ఒప్పందం, కొంచెం బోనస్, అయితే ఆడు, లేకపోతే వెళ్ళు. నలభై ఏళ్ళ వింగర్‌కి ఇంతకు మించి దారి లేదు.

ఏడాది ఒప్పందం ఉన్నవాడి నెత్తిన ఇంకో కత్తి, ట్రేడ్ గడువు. సీజన్ చివర్లో ఓడుతున్న టీములు ఇలాంటి సీనియర్లని గెలుస్తున్న టీములకి అమ్మి డ్రాఫ్ట్ అవకాశాలు కొనుక్కుంటాయి. 2013 ఏప్రిల్‌లో డల్లాస్ అలాగే బోస్టన్‌కి అమ్మింది. ఆ ప్లేఆఫ్స్‌లో యాగర్ 22 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ కొట్టలేదు. సున్నా. అయినా బోస్టన్ ఫైనల్ దాకా వెళ్ళడంలో అతని చెయ్యి ఉంది. పిట్స్‌బర్గ్‌తో సెమీస్ మూడో మ్యాచ్, 1-1, రెండో ఓవర్‌టైమ్ నడుస్తోంది, అందరి కాళ్ళూ చచ్చుబడిపోయాయి. బోర్డు దగ్గర 26 ఏళ్ళ ఎవ్గెనీ మాల్కిన్ దగ్గరున్న పక్‌ని 41 ఏళ్ళ యాగర్ గుంజేసుకున్నాడు. అది బోస్టన్ ఆటగాడు మార్షాండ్‌కి చేరింది, అతను ఇచ్చిన పాస్‌ని ఇంకో బోస్టన్ ఆటగాడు బెర్జిరాన్ గోల్ చేశాడు, ఆట అయిపోయింది. నేను పైన చెప్పిన మోటు పని ఇదే. స్కోర్‌కార్డులో అతనికి ఒక అసిస్ట్ పడింది, అంతే. ఫైనల్లో షికాగో గెలిచింది.

వింగర్లు సాధారణంగా ముప్ఫై దాటగానే తగ్గడం మొదలెడతారు, కాళ్ళ వేగం మీద బతికేవాళ్ళైతే మరీ తొందరగా. యాగర్ వేగం మీద బతకలేదు కాబట్టే నిలిచాడు. న్యూజెర్సీలో 42 ఏళ్ళకి 67 పాయింట్లు, టీమ్‌లో అందరికన్నా ఎక్కువ. ఫ్లోరిడాలో 2015-16లో 66, అప్పుడూ టీమ్‌లో మొదటివాడు, ఆ సీజన్ మధ్యలోనే 44 నిండాయి. అక్కడ అతని లైన్‌లో ఆడిన సెంటర్ అలెగ్జాండర్ బార్కోవ్ 1995 సెప్టెంబర్‌లో పుట్టాడు, యాగర్ రెండు కప్పులూ మొదటి ఆర్ట్ రాసూ గెలిచేశాక అన్నమాట. రాత్రిపూట ఖాళీ రింకులో ఒంటికి బరువులు కట్టుకుని ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాడు, ఆ కుర్రాళ్ళు చూసి నేర్చుకున్నారు. 2016 డిసెంబర్ 22న మార్క్ మెసియర్ 1887 పాయింట్లు దాటి రెండో స్థానానికి వచ్చాడు. మూడు లాకౌట్లు, రష్యాలో మూడేళ్ళు పోకుండా ఉంటే ఏమయ్యేదని చాలామంది లెక్కలేస్తారు. నా అంచనాలో ఇంకో మూడు నాలుగు వందలు వచ్చేవి, గోల్స్‌లో గ్రెట్స్‌కీని అందుకునేవాడేమో గానీ పాయింట్లలో 2857 దగ్గరికి కూడా రాడు.

2017 అక్టోబర్‌లో, సీజన్ మొదలయ్యే వేళకి, కాల్గరీ పిలిచింది. 22 మ్యాచ్‌లు, ఒకటే గోల్. ఆట మారిపోయింది: టీములన్నీ వేగమున్న కుర్రాళ్ళతో నిండిపోయాయి, పక్ పట్టుకుని నిలబడదామంటే ముందు పక్ దగ్గరికి చేరాలి కదా. దెబ్బలు కూడా వదల్లేదు. 2018 జనవరిలో వేవర్స్ మీద పెట్టారు, అంటే "ఎవరికైనా కావాలంటే ఉచితంగా తీసుకోండి" అని మిగతా టీములన్నిటికీ చెప్పడం. ఒక్క టీమూ చెయ్యెత్తలేదు. క్లాడ్నోకి పంపేశారు.

క్లాడ్నో క్లబ్బుకి అప్పుడు ఓనర్ ఎవరంటే యాగరే. 2011లోనే తీసుకున్నాడు. 2018లో అతను తిరిగొచ్చేసరికి టీమ్ రెండో డివిజన్‌లో ఉంది. 2019 వసంతంలో పై డివిజన్‌కి వెళ్ళే పోరులో 47 ఏళ్ళ ఓనర్ ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు, టీమ్ పైకి వెళ్ళింది, మరుసటి ఏడాదే మళ్ళీ దిగింది, 2021లో మళ్ళీ ఎక్కింది. యాభై దాటాక కూడా ఎందుకు ఆడాడని అడిగేవాళ్ళు ఈ ఓనర్ సంగతి మర్చిపోతారు. ఆ చిన్న ఊరి టీమ్‌కి టికెట్లు తెగిందీ, స్పాన్సర్లు వచ్చిందీ 68 నంబర్ ఐసు మీద ఉంటేనే. జీతాలిచ్చేవాడు ఆడటం అతను ముందే చూశాడు, పిట్స్‌బర్గ్‌లో లెమ్యూ పక్కన.

పిట్స్‌బర్గ్‌తో లెక్క 2024 ఫిబ్రవరి 18న తేలింది. 52 నిండిన మూడో రోజు, అతని 68 జెర్సీని పైకి ఎత్తి, ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వమన్నారు. ఏళ్ళ తరబడి గేలి చేసిన జనమే నిలబడి చప్పట్లు కొట్టారు. హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం అతని పేరు అప్పటికీ ఎక్కలేదు. ఓట్లు చాలక కాదు, ఎక్కడా ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడకుండా మూడు సీజన్లు గడిస్తేనే పేరు పరిశీలనకి వస్తుందని వాళ్ళ రూలు, ఈయనేమో క్లాడ్నోలో మ్యాచ్ ఆడిన ప్రతిసారీ ఆ మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొచ్చేది.